తండ్రి దుకాణమును దోచిన కుమారులు

సినిమాలను గూర్చి ఈ పేజీలో వ్రాయుట కొందరు పెద్దలకు నచ్చదు. 'కరుణామయుడు' (1978) ఊరిలో తెర కట్టి చూపినప్పుడు చాప వేసికొని ముందు వరుసలో కూర్చున్నవారు వారిలోనే చాలమంది ఉన్నారు. ఆ మాట అలా ఉంచుదాము. ఈ నెల చెప్పబోవునది అటువంటి చిత్రము కాదు. 2007లో అమెరికాలో విడుదలైన ఒక దోపిడీ కథ. పేరు 'బిఫోర్ ది డెవిల్ నోస్ యు ఆర్ డెడ్'. నీవు చనిపోయిన సంగతి సాతాను చెవిన పడకముందే పరలోకము చేరుకోవాలని ఐరిష్ వారు సరదాగా చెప్పుకొను దీవెనలో నుండి తీసిన పేరు ఇది. దర్శకుడు సిడ్నీ లుమెట్. 1957లో '12 యాంగ్రీ మెన్' తీసినది ఆయనే. ఇది విడుదలైనప్పుడు ఆయనకు 83 ఏండ్లు. 2011లో మరణించాడు; ఇదే ఆయన ఆఖరి చిత్రము.

న్యూయార్క్‌లో ఇద్దరు అన్నదమ్ములు. పెద్దవాడు ఆండీకి మంచి ఉద్యోగమున్నది, దానితోపాటు మత్తుమందు అలవాటు, కంపెనీ లెక్కలలో చేసిన మోసము ఉన్నవి. చిన్నవాడు హ్యాంక్ భార్యతో విడిపోయినవాడు. కూతురి పోషణకు ఇయ్యవలసిన సొమ్ము బాకీ పడ్డాడు. ఆండీ ఒక ఉపాయము చెప్పుచున్నాడు. నగరము బయట అమ్మానాన్నల నగల దుకాణమున్నది, దానికి ఇన్సూరెన్సు ఉన్నది, బొమ్మ తుపాకి చాలు, ఎవరికీ నష్టము లేదు. హ్యాంక్‌కు ధైర్యము చాలక మరొకని వెంటబెట్టుకొని పోయాడు. వాడు నిజమైన తుపాకి తెచ్చాడు. ఆ శనివారము ఉదయము దుకాణములో ఉండవలసిన వృద్ధురాలికి బదులు తల్లే ఉన్నది. తుపాకులు పేలినప్పుడు చిన్న కుమారుడు బయట కారులో కూర్చుని ఉన్నాడు.

'ఎవరికీ నష్టము లేదు' అన్న ఆ మాట దగ్గరే నేను ఆగిపోయాను. కన్నవారి సొత్తు తీసికొని ఇందులో తప్పేమున్నదని అడుగువానిని గూర్చి సామెతలు 28:24 ఏమి చెప్పుచున్నదో బైబిలు తెరచి చూడండి. ఈ పాపము న్యూయార్క్‌లోనే ఉన్నదా? తల్లి గొలుసు తాకట్టు పెట్టి, అడిగితే "రేపెలాగూ నాదే గదమ్మా" అనువారు, తండ్రి చేత ఏమి కాగితమో చెప్పకుండా వేలిముద్ర వేయించుకొనువారు మన సంఘములలో లేరని చెప్పగలమా? లూకా 15లోని చిన్న కుమారుడు కనీసము తండ్రి ముఖము చూచి అడిగాడు.

చిత్రములో నన్ను బాగా కదిలించినది దోపిడీ కాదు. తల్లిని పాతిపెట్టిన తరువాత తండ్రి పెద్ద కుమారునితో, నీవు కోరుకొన్న తండ్రిని నేను కాలేకపోయానని చెప్పుకొనుచున్నాడు. ఆల్బర్ట్ ఫిన్నీ ఆ తండ్రిగా నటించాడు, ఫిలిప్ సీమోర్ హాఫ్‌మన్ కుమారునిగా. ఆ క్షమాపణ ఎన్నో ఏండ్లు ఆలస్యమైనది. కుమారుడు దానిని అందుకోలేక, నేను నిజముగా నీ బిడ్డనేనా అని అడిగి చెంపదెబ్బ తిన్నాడు.

అయినను ఇంటిల్లిపాది కూర్చుని చూడదగిన చిత్రమని నేను చెప్పలేను. మొదటి దృశ్యమే పడకగది. దానికి ఏ అవసరమూ కనబడలేదు. అమెరికాలోనే దీనికి 'ఆర్' గుర్తు వేశారు. పిల్లలున్న ఇంట వద్దు.

నా అభ్యంతరము అక్కడితో ఆగలేదు. చివరకు దోపిడీ వెనుక ఎవరున్నారో తండ్రికి తెలిసినది. గాయపడి ఆసుపత్రి మంచము మీద ఉన్న పెద్ద కుమారుని, క్షమించమని వేడుకొనుచుండగా, దిండు అదిమి చంపి, తెల్లని వెలుగులోనికి నడచి వెళ్లిపోయాడు. ఇది తప్పని చిత్రము ఎక్కడా చెప్పదు. పగతీర్చుట ఎవరి పనియో రోమా 12లో చదివిన మనము కూడ ఒక్క నిమిషము ఆ తండ్రి పక్షమున ఉందుము, అంత నేర్పుగా తీశాడు. తన మీద కత్తి దూసిన అబ్షాలోము కోసము కూడ దావీదు గుమ్మము పైనున్న గదికి ఎక్కి ఏడ్చాడు. ఈ తండ్రికి అటువంటి గది ఒకటి ఇచ్చియుంటే బాగుండును.

చిన్నవాడు ఏమైనాడో లుమెట్ చూపలేదు. డబ్బు సంచితో పారిపోయినంతవరకే కనబడును. వాడు ఒకనాడు ఇంటికి వచ్చి తలుపు తట్టితే ఆ ముసలివాడు తీయునా అని నేను చాల దినములు ఆలోచించాను.