హసిల్ ఆట ఎవరిది?

నిఘంటువు తిరగేసే జాడ్యం తెలుగు మేష్టారికి ఎక్కడికి పోతుంది? ఇంగ్లీషులో 'హసిల్' అంటే తోపులాట, హడావుడి. గడుసుగా నాలుగు డబ్బులు రాబట్టడమని కూడా అర్థం వుంది. ఈ పేరుతో న్యూయార్కులో ఒక జంట నృత్యం పుట్టిందంటే, ఒకరినొకరు నెట్టుకోవడం కాబోలుననుకుంటాం. తీరా చూస్తే అది చేతిలో చెయ్యి వేసి ఆడే ఆట.

1960లో 'ట్విస్ట్' ప్రబలినప్పటినుంచీ అమెరికా కుర్రకారు ఎవరి మానాన వారు ఎగరడం మరిగారు. జంట అన్నది పేరుకే. 1970 తర్వాత కొద్ది ఏళ్ళలో, న్యూయార్కులోని దక్షిణ బ్రాంక్స్ పేటలో ప్యోర్టోరికో యువతీయువకులు మళ్ళీ చేతులు కలిపారు. వరసగా కొంపలు తగలబడుతున్న బీదల పేట అది. మాంబో అడుగులకు స్వింగ్ మలుపులు చేర్చి, వాళ్ళు తమ ఆట అల్లుకున్నారు.

లయ చూడండి. డిస్కో పాటది నాలుగు దెబ్బల నడక. న్యూయార్కు పద్ధతి హసిల్‌లో అడుగుల వరస మూడు దెబ్బలకే ముగుస్తుంది. ఆ మూడింటిలో నాలుగు అడుగులు పడాలి గనుక రెండు గబగబా వెయ్యాలి. చతురశ్రం మీద తిశ్రం నడిపినట్టన్నమాట! పన్నెండు దెబ్బలకు గాని రెండూ ఒకచోట కలవవు. మృదంగం విన్న చెవికి ఇందులో రుచి తెలుస్తుంది. అతను పక్కకు తప్పుకుని దారి యిస్తూంటే, ఆమె గీత గీసినట్టున్న బాటలో బొంగరంలా తిరుగుతూ వస్తుంది, పోతుంది.

1975లో వాన్ మెకాయ్ 'ది హసిల్' అనే రికార్డు తెచ్చాడు. క్లబ్బులో ఆ ఆట చూసిరమ్మని తన భాగస్వామిని పంపి, అతను చెప్పినదాన్నిబట్టి కట్టిన వరస అది. ఆ జూలైలో అమెరికాలో మొదటి స్థానానికి ఎక్కింది. అసలు ఆడినవాళ్ళ ఊసెక్కడా లేదు.

1977లో 'సాటర్డే నైట్ ఫీవర్' సినిమా వచ్చింది. జాన్ ట్రవోల్టా తెల్లసూటు అందరికీ గుర్తే. ఆ సూటుతో ఆడిన పోటీ ఏమయిందో చాలామందికి గుర్తుండదు. బ్రూక్లిన్ ఇటాలియన్ కుర్రవాడయిన నాయకుడి జంటకు మొదటి బహుమతి యిస్తారు. ప్యోర్టోరికో జంట తమకన్న బాగా ఆడిందనీ, వాళ్ళు పరాయివాళ్ళు గనుకనే వెనక్కు నెట్టారనీ అతనికి తెలుసు. బహుమతి తీసుకువెళ్ళి వాళ్ళ చేతిలో పెట్టేస్తాడు. సినిమావారు ఎరిగి చేశారో ఎరగక చేశారో గాని, ఆ ఒక్క ఘట్టానికి నేను నూటికి తొంభై వేస్తాను.