టీ యంగడియు రెండవ గ్లాసును

హోటలుకూడు తినువాడు చెడినవాడని మన పెద్దలు కొందఱు నేటికిని సణుగుచుందురు. ఇంట పొయ్యి యుండగా వీథిలో కూర్చుండి టీ త్రాగుట సోమరితనమనియు, అనాచారమనియు వారి వాదము. మేము దీని నంగీకరింపము. మా యాడికి యనంతపురపు మెట్టసీమలోని యూరు. ఈ సీమలో నేటికి సగటున 550 మిల్లీమీటర్ల వాన కురియుటయే భాగ్యము. తెల్లవాఱకమునుపే మగ్గమునొద్దకో చేనికో పోయినవాడు పదిగంటలవేళ నలసివచ్చి, బల్లపై చతికిలబడి, ఉగ్గానియు రెండు మిరపకాయబజ్జీలును తిని వేడి టీ త్రాగిన, దాని నేల విలాసమనవలెను? బొరుగులను నీట తడిపి, పిండి, ఉల్లిపాయలు పచ్చిమిరపకాయలు వేసిన పోపులో కలిపి, పైని పుట్నాలపొడి చల్లుదురు. కరవుసీమ తెలివికి ఇంతకంటె రుచిగల సాక్ష్యము మే మెఱుగము. దీనిని హీనముగ జూచువాడు తిని యెఱుగనివాడే.

టీ మన పూర్వుల యలవాటు కాదను మాట నిజమే. 1903లో దొరతనమువారు టీ యెగుమతిపై పన్ను విధించి, ఆ ధనముతో ప్రచారము చేయించి జనులకు దీనిని మరపిరి. టీ కాఫీలు దేహమున కక్కఱలేదని గాంధిగారును వ్రాసిరి. హోటలును దూషించువారు ఈ వాక్యమును తఱచుగ జ్ఞప్తికి దెచ్చుకొందురు; అంటరానితనము పాపమని యాయనయే జీవితమంతయు మొఱపెట్టినమాట వారికేల జ్ఞప్తికి రాదో!

టీ యంగడిలో నిందింపదగినది వేఱొకటి కలదు. తెలుగునాట బహుగ్రామములలో రెండు గ్లాసుల పద్ధతి చిరకాలము నడచెను. ఊరివారి కొక గ్లాసు, దళితుల కొక గ్లాసు. దళితుడు త్రాగి, తన గ్లాసు తానే కడిగి, విడిగా నుంచి పోవలెను. పైసలు మాత్ర మందఱివియు నొక్క డబ్బాలోనే పడును! రాజ్యాంగము 1950లో అంటరానితనమును రద్దుచేసెను. 1955 నాటి చట్టము హోటలులోని పాత్రలను వాడనీయకుండుటను గూడ విడిగ పేర్కొని నేరమనెను. అటుపిమ్మట నలువదియాఱేండ్లకు, 2001లో, జస్టిస్ పున్నయ్య సంఘమువారు ఈ పద్ధతి యింకను గలదని చెప్పవలసి వచ్చెను.

శుద్ధికొఱకే యను వారిని మే మొకటి యడుగుదుము. ఊరివారి గ్లాసులు పదియు నొకే బాల్చీనీట ముంచి తీయుదురు గదా. ఒకని యెంగిలి యింకొకని కంటదా? ఆ నీరు ఒకని యెంగిలిని కడుగగలిగినచో వేఱొకని యెంగిలిని కడుగలేకుండుట కే శాస్త్రము ప్రమాణము? మేమును గొంత సంస్కృతము చదివితిమి. ఇట్టి నీటిని గూర్చి యెచటను చదువలేదు.

ఇపుడు కాగితపు కప్పులు వచ్చినవి. అందఱికి నదే యిచ్చి, తగవు తీఱినదని కొందఱంగడివారు సంతసించుచున్నారు. గ్లాసు పోయినది, బల్ల సంగతి యేమి? లోన కూర్చుండి త్రాగువా రెవరో, గడప వెలుపల నిలిచి త్రాగువా రెవరో యొక్కపరి చూడుడు.

ఇంతవఱకు మా చదువరులు తలయూపియే యుందురు. పల్లెటూరి హోటలువానిని తిట్టుట సుకరము. కాని పట్టణములలో చదువుకొన్న గృహస్థుల యిండ్లలో, అంట్లు తోమవచ్చు నామెకు టీ పోయు గ్లాసెక్కడ నుండును? వంటయింటి యరలోనా, పెరటిగోడమీదనా? మీరు త్రాగిన గ్లాసులన్నియు తోమి బోర్లించునది యామెయే. ఆ చేయి తాకిన గ్లాసుతో మఱునాడు మీరు నిశ్చింతగ త్రాగుదురు; ఆమె పెదవి తాకినది మాత్రము పెరటిలో నుండవలెనట!

“మేమేమియు ననలేదు, ఆమెయే విడిగ పెట్టుకొన్నది” అని గృహిణులు కొందఱు మాకు బదులు చెప్పిరి. కావచ్చును. అయ్యా, అమ్మా, ఆమె పనిలో చేరిన మొదటి దినమున ఆ గ్లాసు నామె చేతి కిచ్చిన దెవరు?