ఏ జబ్బూ లేనివాళ్లే... కొలబద్ద!

ఒంట్లో నలతగా ఉంటే స్కానింగ్‌కి వెళ్తాం. అదీ డాక్టరు గట్టిగా చెబితేనే! ఏ నలతా లేనివాళ్లు, ఎవరూ రాసివ్వకుండానే వెళ్లి ఆ సొరంగంలాంటి యంత్రంలో కదలకుండా పడుకుంటే..? 'పనీపాటా లేదా' అనిపిస్తుంది కదూ. కానీ మన రిపోర్టులో 'నార్మల్‌' అన్న ఒక్క మాట రాయాలంటే అలాంటివాళ్ల సాయం ఉండాల్సిందే.

అసలు ఎమ్మారై కథ మొదలైందే వాళ్లతో. 1977లో న్యూయార్క్‌లో డాక్టర్‌ రేమండ్‌ డమాడియన్‌ తను తయారుచేసిన యంత్రంలో ముందు తనే కూర్చున్నారు. ఫలితం లేదు. ఛాతీకి చుట్టే తీగచుట్ట ఆయన భారీకాయానికి సరిపడలేదట! జులై 3న బక్కపల్చటి శిష్యుడు లారీ మింకాఫ్‌ కూర్చున్నారు. దాదాపు అయిదు గంటలు కష్టపడితే ఛాతీ చిత్రం ఒక్కటి వచ్చింది. మరుసటి ఏడాది ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్‌లో పీటర్‌ మాన్స్‌ఫీల్డ్‌ కూడా అంతే. ప్రమాదం కావచ్చని హెచ్చరించినా వినకుండా తన యంత్రంలోకి తనే వెళ్లారు. 2003లో ఆయన నోబెల్‌ అందుకున్నారు.

ఇప్పటికీ కొత్త పద్ధతి ఏది వచ్చినా ముందు ఆరోగ్యవంతుల మీదే సరిచూస్తారు. ఒకే మనిషిని రెండు యంత్రాల్లో స్కాన్‌ చేస్తే రెండు కొలతలొచ్చాయనుకోండి... తేడా మనిషిలో లేదు, యంత్రంలోనే ఉందని తెలిసిపోతుంది. ఎమ్మారైలో ఎక్స్‌రే వాడరు కాబట్టి మళ్లీ మళ్లీ తీసినా రేడియేషన్‌ భయం ఉండదు.

అంతకన్నా ముఖ్యమైంది ఇంకొకటుంది. అల్జీమర్స్‌లో జ్ఞాపకాలకు ఆధారమైన హిప్పోక్యాంపస్‌ అనే భాగం కుంచించుకుపోతుంది. ఇంట్లో తాతయ్యకి మతిమరుపు ఎక్కువైందని స్కాన్‌ తీయిస్తే డాక్టరు చూసేవాటిలో అదొకటి. చిన్నదైంది సరే, ఎవరితో పోలిస్తే? ప్రపంచమంతా పరిశోధకులు ఎక్కువగా వాడే నమూనా కెనడాలోని మాంట్రియల్‌లో 152 మంది ఆరోగ్యవంతుల స్కాన్లను కలిపి చేసింది. అది మనకెలా సరిపోతుంది?

ఆ ప్రశ్నకు జవాబు వెతికింది మన హైదరాబాద్‌ ట్రిపుల్‌ ఐటీయే. వందమంది ఆరోగ్యవంతులైన యువతీయువకుల స్కాన్లతో 2019లో భారతీయుల మెదడు నమూనా తయారుచేసింది. పాశ్చాత్యులతోనే కాదు, చైనా, కొరియా వాళ్లతో పోల్చినా మన మెదడు సగటున కాస్త చిన్నదేనని తేలింది. దానికీ తెలివితేటలకీ ముడిపెట్టక్కర్లేదు. పరాయి కొలబద్దతో చూస్తే మాత్రం ఉన్న మెదడునే 'కుంచించుకుపోయింది' అని పొరబడే ప్రమాదం ఉంది. అలాగని పాతికేళ్ల కుర్రాడి మెదడుతో డెబ్భై ఏళ్ల తాతయ్య మెదడునీ పోల్చలేం. అందుకే అన్ని వయసులవాళ్లూ ముందుకు రావాలి. బ్రిటన్‌లో 'యూకే బయోబ్యాంక్‌' కోసం 2014 నుంచి 2025 దాకా లక్షమంది ఇలా స్కాన్‌ చేయించుకున్నారు.

మీకూ వెళ్లాలనిపిస్తే కొన్ని జాగ్రత్తలు. ఆ పరిశోధనకు ఎథిక్స్‌ కమిటీ అనుమతి ఉందో లేదో అడగండి. అంగీకారపత్రం పూర్తిగా చదివాకే సంతకం పెట్టండి. మధ్యలో వద్దనుకుంటే వచ్చేయొచ్చు. ఒంట్లో పేస్‌మేకర్‌, లోహపు ముక్కల్లాంటివి ఉంటే ముందే చెప్పాలి. వాచీ, తాళాలు, ముక్కుపుడక, మెట్టెలు... అన్నీ బయటే. యంత్రం మోత ఎక్కువ కాబట్టి చెవులకు రక్షణ ఇస్తారు. ఇది ఉచిత హెల్త్‌ చెకప్‌ కాదని కూడా గుర్తుంచుకోండి. అనుకోకుండా ఏదైనా తేడా కనపడితే మీకు చెబుతారా, లేదా అన్నది మొదట్లోనే తేల్చుకోవాలి. కొందరికి తెలిస్తే ధైర్యం, కొందరికి తెలిస్తే దిగులు!

రక్తం ఇస్తే ఎవరికో ఒకరికి ఎక్కిస్తారని తెలుసు. ఇక్కడ ఎవరికి ఉపయోగపడ్డామో ఎప్పటికీ తెలియదు. ఏ ఊళ్లోనో ఓ పెద్దాయన రిపోర్టు చూసి 'వయసుకు తగ్గట్టే ఉంది, కంగారేం లేదు' అని డాక్టరు చెబుతారు. ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు. ఆ మాట వెనుక కదలకుండా పడుకున్న మనుషులు కొందరుంటారు.