అలసటకు కొలత యేది?

మనశ్శాస్త్ర పరిశోధన మన్నంతనే పెదవి విరుచువారు మనలో రెండు తెగలవారు కలరు. పిచ్చివారికి తప్ప అది యెవరికి పనికివచ్చునని యొక తెగ. మనస్సును గూర్చి పతంజలి చెప్పనిది యేమి మిగిలినదని వేరొక తెగ. పతంజలియందు నాకును భక్తి కలదు. కాని యంత్రము ముందు కూర్చున్న యొక పడుచు చేయి ఎనిమిదవ గంటయందు ఎంత తడబడునో, పదవ గంటయందు ఎంత తడబడునో యే సూత్రమును చెప్పదు. అది కొలిచి తెలిసికొనవలసినది.

కొలిచినవారు లేకపోలేదు. మొదటి ప్రపంచయుద్ధ కాలమున ఇంగ్లండు మందుగుండు కార్ఖానాలలో స్త్రీలు వారమునకు అరువది గంటలకు పైబడి పనిచేసిరి. దేశభక్తి యున్నచో అలసట యుండదని యజమానుల నమ్మకము. 1915లో ఏర్పడిన శ్రామికారోగ్య సంఘము పక్షమున వెర్నన్ అను శాస్త్రజ్ఞుడు పనిగంటలను, తయారైన సరకును లెక్కవేసి చూచెను. గంటలు తగ్గినచోట సరకు తగ్గలేదు సరిగదా, మొత్తముమీద పెరిగినది! అయితే ఆ పెరుగుదల మరునాడే కనబడలేదు. క్రొత్త వేళలకు మనుష్యులు అలవాటుపడుటకు నెలలు పట్టినది. వారము దినములు చూచి పెదవి విరుచు యజమానికి ఈ సత్యము దొరకదు. పరిశోధకుని యోపిక యిందులకే కావలసినది.

అది దొరల దేశపు సంగతి యందురేమో. 1964లో అమెరికా మనశ్శాస్త్రవేత్త డేవిడ్ మెక్లెలాండ్ పూనికతో మన కాకినాడ వర్తకులకు హైదరాబాదులో కార్యసాధనాపేక్షను పెంచు శిక్షణ మిచ్చిరి. శిక్షణము లేనివారితో పోల్చిచూడగా వీరు వ్యాపారమున హెచ్చు చొరవ చూపినట్లు 1969లో వెలువడిన గ్రంథము తెలుపుచున్నది. చొరవ నుదుటివ్రాత కాదని తేలినది, మంచిదే. యజమాని యుత్సాహమును కొలుచుట శాస్త్రమైనప్పుడు, కూలిదాని యలసటను కొలుచుట మాత్రము వ్యర్థ మేల?

సత్యవేడు చెంత శ్రీ సిటీని చూడుడు. అచ్చటి ఎలక్ట్రానిక్ సామగ్రి కార్ఖానాలలో వేలకొలది మన పల్లెపడుచులు పనిచేయుచున్నారు. 2025లో రాష్ట్ర మంత్రివర్గము కార్ఖానాలలో దినమునకు 9 గంటలుగా నున్న పని పరిమితిని 10 గంటలకు పెంచ నిశ్చయించినది. వారమునకు 48 గంటల హద్దు మారలేదు గదా యని సమర్థకులు చెప్పుదురు. వారపు లెక్క చూచుకొని వ్రేలు తెగదు. ఆనాటి యలసటను బట్టి తెగును. పైగా బస్సులో గడచు కాలము, ఇల్లు చేరిన పిదప పొయ్యికడ గడచు కాలము ఏ హాజరుపట్టీలో నెక్కును? కోడలు జీతము తెచ్చుట సంస్కారమని మెచ్చుకొను మన యిండ్లలోనే, రాత్రి ఆమె విసిగి మాటాడినచో పొగరనుచున్నాము. అది పొగరో, నిద్రలేమియో అడిగినవారెవరు?

ఈ పదవ గంటను ఏ పరీక్ష చేసి నిర్ణయించిరో ప్రభుత్వము ప్రకటింపవలెను. శ్రీ సిటీలోనే 2018లో స్థాపింపబడిన క్రియా విశ్వవిద్యాలయము కలదు. అచ్చట మనశ్శాస్త్రము బోధింపబడుచున్నది. యజమానులు ఏ గంటలో ఎన్ని వస్తువులు చెడినవో, ఎందరికి గాయములైనవో, పేర్లు తీసివేసి, ఆ లెక్కలను అట్టి పండితుల ముందుంచవచ్చును. ఖర్చు స్వల్పము. పదవ గంట లాభకరమే యని వారు నమ్మినచో, ఆ పుస్తకములు తెరచుటకు సంకోచ మేల?