అంజి రుబ్బిన పిండి

1962 జూన్ 7వ తేదీన విడుదలైన ‘గుండమ్మ కథ’ను తెలుగువారు నేటికిని విసుగు లేక చూచుచునే యున్నారు. కమలాకర కామేశ్వరరావు దర్శకత్వము, డి.వి. నరసరాజు సంభాషణలు, సూర్యకాంతము నోరు - ఇన్ని కలసిన తరువాత నవ్వక తప్పునా? అయితే ఆ నవ్వు చాలవరకు పనిపాటలలోనుండి పుట్టినదన్న సంగతిని పలువురు గమనింపరు.

ధనికుడగు వెంకటరామయ్య కుమారుడు అంజి గుండమ్మ యింట పనివాడుగా చేరును. పిండి రుబ్బును, చీవాట్లు తినును, సవతితల్లి చేత నలిగిపోవుచున్న లక్ష్మి మనసు గెలుచును. తమ్ముడు రాజా గారాబు బిడ్డయైన సరోజను పెండ్లాడి, బీదవానివలె నటించి, ఆమెచేత తోటపని చేయించును. ఈ నాటకమునకు తండ్రియే తోడు. కన్నెఱ్ఱ చేయు తండ్రులు తెరపై కొల్లలు. కొడుకులతో కలసి కొంటెపనికి పూనుకొను తండ్రి అరుదు. రంగారావు ఆ పాత్రను ఎంత తేలికగా నడపెను!

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు బడులలో ఈ కథను గూర్చి మాటాడు ఉపాధ్యాయుడు ఇంకొక మాట చేర్చవలెను. అంజి వేషము విప్పినచో వెనుక మేడ యున్నది. పాలమూరు కూలీది వేషము కాదు. మేస్త్రీ వద్ద ముందు సొమ్ము పుచ్చుకొని, ఆనకట్టలకును కాలువలకును మట్టి మోయుటకై దేశాంతరము పోయిన తండ్రులు ఈ నేలవారే. సాగునీరు వచ్చిన తరువాత వలసలు కొంత తగ్గినవి, నిలువలేదు. కొడుకు అవ్వ వద్ద మిగిలి బడికి పోవును, లేదా తండ్రి వెంట పోయి బడికి దూరమగును. అట్టి బాలుడు అంజి తిన్న చీవాట్లకు నవ్వునప్పుడు ఎవరు తలపునకు వత్తురు?

గద్వాల నేతగానికి ఇల్లే పనిచోటు. నూలు చీరకు పట్టు అంచును పోగుపోగున కలుపు నేర్పు తండ్రి ప్రక్కన కూర్చుండియే అబ్బును. అచ్చట తండ్రియే యజమాని. గుండమ్మ గొంతు అప్పుడప్పుడు ఆయనకును రావచ్చును.

ఈ చిత్రము పనివానిని చూచి నవ్వదు, పని చేయించువారిని చూచి నవ్వును. అందుచేతనే తరగతిలో దీనిని నిస్సంకోచముగా ప్రస్తావింపవచ్చును. ఒక్క శనివారము ‘మా నాయన చేయు పని’ అని వ్యాసము వ్రాయించినచో, మగ్గము భాగముల పేర్లు, మట్టిపని మాటలు, నిఘంటువుల కెక్కనివి కొన్నియైనను కాగితముపైకి వచ్చును. వానిని దిద్దునప్పుడు ఎఱ్ఱసిరాను కొంచెము పొదుపుగా వాడవలెను.