సరిహద్దు అవతలి పికప్: చౌక బేరమా, చిక్కు బేరమా?

ములబాగలు, శ్రీనివాసపురం, చింతామణి పల్లెలలో టమోటా వేసే ప్రతి తెలుగు కుటుంబానికీ ఏదో ఒకనాడు ఎదురయ్యే ప్రశ్న ఇది. కోత రోజున కిరాయి బండి కోసం పడిగాపులు పడడం కన్నా సొంతంగా ఒక పికప్ కొనుక్కుంటే పోదా? డ్రైవరు పక్కన ఒకరో ఇద్దరో కూర్చునే ఒంటి కేబిన్, వెనుక సరుకుకు విడిచిన పొడవైన బాడీ. బొలెరో పికప్ కావచ్చు, 2005లో వచ్చి ‘చోటా హాథీ’గా పేరుపడిన టాటా ఏస్ కావచ్చు. ఇంటిల్లిపాదీ పెళ్లికి పోవచ్చునని డబుల్ కేబిన్ వైపు మొగ్గేవారూ ఉన్నారు. కానీ వెనుక వరుస సీటు ఆక్రమించిన మేర సరుకు స్థలం తగ్గిపోతుంది. పంట మోయడానికి ఒంటి కేబినే సరైనది.

ఇక ధర సంగతి. 2025 సెప్టెంబరు 22 నుంచి సరుకు వాహనాలపై జి.ఎస్.టి. 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. పన్ను కలపని ధర 8 లక్షల రూపాయలైన బండి అంతకుముందు 10 లక్షల 24 వేలు పడేది. ఇప్పుడు 9 లక్షల 44 వేలు. అంటే 80 వేల తేడా. పాత బండి బేరానికి కూర్చునే వారు ముందుగా గుర్తుంచుకోవలసినది ఈ అంకెనే. అమ్మేవారు 2023లోనో 2024లోనో తాము చెల్లించిన బిల్లు చూపి, దాని మీద తరుగు తీసి ధర చెబుతారు. కొనేవారు మాత్రం నేటి కొత్త బండి ధర నుంచి తరుగు తీయాలి. పై లెక్క ప్రకారం పాతది ఏడున్నర లక్షలకు చెబితే, పాత బిల్లుతో పోల్చినప్పుడు 2 లక్షల 74 వేలు మిగిలినట్లు కనిపిస్తుంది. నిజంగా మిగిలేది 1 లక్షా 94 వేలే. రైతు రైతుకు అమ్ముకుంటే జి.ఎస్.టి. ప్రసక్తే లేదు. జి.ఎస్.టి. నమోదు ఉన్న పాత వాహనాల వ్యాపారి అమ్మితే అతనికి మిగిలిన లాభం మీద మాత్రమే 18 శాతం వర్తిస్తుంది. పూర్తి ధర మీద పన్ను అడిగితే ఆ బేరం అక్కడే ఆపడం మంచిది.

ఈ 1 లక్షా 94 వేలైనా పూర్తిగా మిగులుతుందా అన్నది బండి ఏ రాష్ట్రానిదన్న దానిపై ఆధారపడి ఉంటుంది. సరిహద్దు కుటుంబాలకు చుట్టరికం రెండు వైపులా ఉంటుంది. మదనపల్లెలోనో పలమనేరులోనో ఉన్న బావమరిది బండి అమ్ముతున్నాడని తెలిస్తే, కాగితాల మాట ఎత్తడానికే మొహమాటం. డబ్బు చేతిలో పడుతుంది, తాళంచెవి మారుతుంది, ఆర్.సి. మాత్రం పాత పేరుతోనే ఉండిపోతుంది. కోలారు ఒక్కటే కాదు. హోసూరు, బళ్లారి, రాయగడ, సిరొంచ, ఏ సరిహద్దున చూసినా ఇదే తంతు.

‘ఏడాది వరకు పక్క రాష్ట్రం నెంబరుతో తిప్పవచ్చు’ అన్న మాట ఊళ్లలో బాగా పాతుకుపోయింది. అది సగం నిజం. మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్‌లో 12 నెలల గడువు ఉన్న మాట వాస్తవమే. అది బండిని ఒక రాష్ట్రం నుంచి తెచ్చి మరో రాష్ట్రంలో ఉంచుకున్నప్పుడు కొత్త నెంబరు తీసుకోవడానికి ఇచ్చిన వ్యవధి. యాజమాన్యం చేతులు మారితే 50వ సెక్షన్ వేరే లెక్క చెబుతుంది. కొన్నవారు 30 రోజులలో తమ ప్రాంతపు రవాణా కార్యాలయానికి తెలపాలి. అమ్మినవారు రాష్ట్రం దాటిన అమ్మకమైతే 45 రోజులలో ఎన్.ఓ.సి.తో సహా కాగితాలు పంపాలి. ఎన్.ఓ.సి. దరఖాస్తు ఫారం 28, యాజమాన్య బదిలీకి 29, 30, కొత్త నెంబరుకు 27. ఫైనాన్సు ఉన్న బండి అయితే అప్పు తీరినట్లు ఫారం 35 కూడా కావాలి. అది లేని బండికి అడ్వాన్సు ఇవ్వడం చేజేతులా నష్టం తెచ్చుకోవడమే.

మొహమాటపడి ఊరుకుంటే దెబ్బ ఎవరికి? చాలామంది కొన్నవారికే అనుకుంటారు. 2018లో నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు, బండి ఎన్ని చేతులు మారినా రికార్డులో పేరున్న వ్యక్తే యజమాని, ప్రమాద పరిహారం బాధ్యత అతనిదేనని తేల్చింది. అంటే ములబాగలు దారిలో జరిగిన ప్రమాదానికి పలమనేరులోని బావమరిది కోర్టుకు రావలసి ఉంటుంది. కొన్నవారికీ కష్టమే. బీమా కంపెనీకి బదిలీ సంగతి 14 రోజులలో చెప్పకపోతే ఎదుటివారికి జరిగిన నష్టం మేరకు పాలసీ వర్తించవచ్చు గాని, సొంత బండి దెబ్బతింటే పైసా రావడం కష్టం.

పన్ను మరో మెలిక. ఒక రాష్ట్రంలో జీవితకాల పన్ను ఒకేసారి కడతారు, మరొకచోట మూడు నెలలకొకసారి. అమ్మినవారు కట్టిన జీవితకాల పన్ను కొన్నవారి రాష్ట్రంలో చెల్లదు. బండి వయసును బట్టి మళ్లీ కట్టాలి. యానాం, పుదుచ్చేరి నెంబరు బండ్లు చౌకగా దొరుకుతాయన్న ఆశ ఇక్కడే బెడిసికొడుతుంది. ‘బి.హెచ్.’ నెంబరు తీసుకుంటే సరి అనే సలహాదారులూ ఉన్నారు. 2021లో వచ్చిన ఆ శ్రేణి సరుకు వాహనాలకు వర్తించదు. కనుక ధర ఖాయం చేసుకునే ముందే సొంత జిల్లా రవాణా కార్యాలయంలో పన్ను ఎంతో వాకబు చేసి, ఆ మొత్తాన్ని బేరంలో తగ్గించి అడగాలి.

కోలారు మార్కెట్టులో టమోటా పెట్టె 15 కిలోలు. నూరు పెట్టెలంటే ఒకటిన్నర టన్ను, ఖాళీ పెట్టెల బరువు వేరు. చిన్న బండి చౌకని కొని దాని మీద నూరు పెట్టెలు ఎక్కిస్తే కమాను కట్టలు విరగడమే కాదు, 2019 సవరణ ప్రకారం అధిక బరువుకు 20 వేలు, ఆపైన ప్రతి టన్నుకు 2 వేలు జరిమానా. మరీ పెద్దదైతే ఇంకో ఖర్చు. సరుకుతో కలిపి మొత్తం బరువు 3,000 కిలోలు మించని వాహనానికి పర్మిట్ అక్కరలేదు. మించితే కావాలి, రాష్ట్రం దాటాలంటే దానికి తగిన పర్మిట్ ఉండాలి. ఒకే పేరుతో వచ్చే పికప్‌లలోనే కొన్ని ఈ గీతకు దిగువన, కొన్ని ఎగువన ఉన్నాయి. ఆర్.సి.లోని ఆ గడిని చదవకుండా రంగు, టైర్లు చూసి మురిసిపోయే వారే ఎక్కువ.

ఒక ఊరట ఉంది. 7,500 కిలోల లోపు సరుకు వాహనాన్ని మామూలు ఎల్.ఎం.వి. లైసెన్సుతో నడపవచ్చునని 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం స్పష్టం చేసింది. ఇంట్లో కారు లైసెన్సు ఉన్న కుర్రవాడు చాలు. అయితే వెనుక బాడీలో కూలీలను, పెళ్లివారిని ఎక్కించడం వేరే మాట. సరుకు యజమానికి లేదా అతని ప్రతినిధికి తప్ప అక్కడ కూర్చున్నవారికి బీమా రక్షణ ఉండదు.

బండి వయసు 8 ఏళ్లు దాటిందంటే ఎఫ్.సి. ఏటా చేయించాలి, అంతవరకు రెండేళ్లకొకసారి. కాబట్టి ఏడో ఏట అమ్మకానికి వచ్చే పికప్ ఎందుకు వస్తున్నదో అడగడంలో తప్పులేదు. చాసిస్ నెంబరును ఆర్.సి.తో సరిపోల్చాలి, పెండింగు చలానాలను పరివాహన్‌లో చూడాలి, ఇంజను చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి చూడాలి. ఎన్.ఓ.సి. దరఖాస్తుపై 30 రోజులలో అధికారి నిర్ణయం చెప్పకపోతే మంజూరైనట్లే భావించాలని చట్టం చెబుతున్నది. అందుకని అడ్వాన్సు ఇచ్చిన రోజునే, అమ్మేవారి చేత ఫారం 28 పెట్టించి, రసీదు చేతికి వచ్చాకే మిగతా సొమ్ము చెల్లించే పద్ధతి కొన్ని ఊళ్లలో పెద్దలు పాటిస్తున్నారు. బావమరిదితోనైనా సరే.