కందకం తవ్వితే గడ్డి రాదు

పాలమూరు, నల్లగొండ గుట్టల మీద గడ్డి పలుచబడిందంటే నింద ముందుగా పడేది గొల్లకురుమల మీదనే. మందలను తరిమితే చాలు, బీళ్ళు వాటంతటవే పచ్చబడతాయని అధికారులూ పర్యావరణ ప్రేమికులూ ఒకే మాట అంటారు. ఊరుమ్మడి మేతబీడైన బంచరాయి చుట్టూ కందకం తవ్వి, మొక్కలు నాటి, కాపలా పెడతారు. ఈ వైద్యం తప్పు.

రోగం లేదనను. 2012లో తెలంగాణలో సుమారు కోటీ 28 లక్షల గొర్రెలుండేవి. 2019 పశుగణన నాటికి కోటీ 91 లక్షలయ్యాయి. 2017 నుంచి 75 శాతం సబ్సిడీ మీద ఒక్కొక్కరికి 20 గొర్రెలు, ఒక పొట్టేలు పంచిన సర్కారు మేసే నేలను మాత్రం పెంచలేదు.

గడ్డికి విరామం కావాలి, నిజమే. ఎప్పుడన్నదే అసలు సంగతి. అంజన్ వంటి ఏళ్ళకేళ్ళు బతికే గడ్డి, దుబ్బు మొదట్లో దాచుకున్న బలంతో తొలకరికి చిగురిస్తుంది. ఆ చిగురును మళ్ళీమళ్ళీ కొరికితే వేరు కుంచించుకుపోతుంది, పశువు పెద్దగా ముట్టని చీపురుగడ్డి ఆ జాగాను ఆక్రమిస్తుంది. కాబట్టి మృగశిర నుంచి గింజ రాలేదాకా ఆపాలి. ఆ తర్వాత ఎండుగడ్డిని మితంగా మేపితే దుబ్బుకు పెద్ద నష్టం లేదు. ఏళ్ళ తరబడి మేపకపోతేనే చిక్కు: పాత దంట్లు పేరుకుని పిలకకు వెలుతురందదు, వేసవిలో నిప్పంటుకుంటే ఆగదు. నాటిన చెట్ల నీడ చిక్కబడిందా, ఎండ కోరే గడ్డి అసలే ఉండదు.

రాజస్థాన్‌లోని భరత్‌పూర్ పక్షుల ఉద్యానంలో 1982లో మేపు నిషేధించారు. గేదెలు పోయాక నీటిగడ్డి మడుగులను కమ్మేసి పక్షులకే చేటయిందని బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ అధ్యయనం తేల్చింది. అది చిత్తడి నేల, మనది చెలక, పోలిక అంతవరకే. పశువు పోతే ప్రకృతి కుదుటపడుతుందన్న నమ్మకం మాత్రం అక్కడ బోల్తా పడింది.

మన దగ్గర ముడి మరొకటుంది. వానకాలం చేలన్నీ పంటలో ఉంటాయి, మందకు మిగిలేది బంచరాయి ఒక్కటే. గడ్డికి విశ్రాంతి కావలసిందీ సరిగ్గా అప్పుడే. మొత్తం మూసేస్తే మంద మాయం కాదు, పక్క ఊరి గుట్ట మీద పడుతుంది. మూసిన గుట్టకు ఫొటోలు తీస్తారు. దాని పుణ్యాన బోడిగుండయిన పక్క గుట్టకు తీయరు.

బంచరాయిని మూడు భాగాలు చేయండి. ఏటా ఒక భాగాన్ని వానకాలమంతా ఆపే అధికారం గొర్రెల కాపరుల సంఘానికివ్వండి. కందకాలకు పోసే డబ్బుతో ఆ నాలుగు నెలలకు తక్కువపడే మేత కొనిపెట్టండి.